నీటిమీద గీత

"కొల్లేటి చాంతాడు" అన్న మాట వాడని తెలుగువారు వుండరు. ఎంతకూ తెమలని తగాదాకూ, ఎన్ని వారాలు గడిచినా ముగింపుకు రాని కథకూ మనం పెట్టే పేరు అదే. మాట నోట నానుతున్నదే గాని, ఆ కొల్లేరును చూచి వచ్చినవారు మనలో తక్కువ. విజయవాడ, రాజమహేంద్రవరాల మధ్య వందసార్లు రైలు ప్రయాణం చేసినవారు కూడా ఏలూరు స్టేషనులో టీ తాగి ముందుకు సాగిపోతారే తప్ప, అక్కడ దిగి దక్షిణంగా ఒక గంట ప్రయాణం చేద్దామనుకోరు.

మేము మాఘమాసంలో పిల్లలతో సహా ఆ గంట ప్రయాణం చేశాము. ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డు కొల్లేటిని నిలువునా చీల్చుకుంటూ పోతుంది. ఊరు దాటిన కొంతసేపటికి వరిచేలు వెనకబడ్డాయి. రోడ్డుకు రెండు వైపులా మట్టిగట్లు మొదలయ్యాయి. గట్టు వెనక నీళ్లు, ఆ నీళ్ల వెనక మరొక గట్టు. ఒకచోట తవుడు బస్తాలు దింపుతున్నారు. మరొకచోట మంచుగడ్డలు నింపిన చేపల లారీ తూర్పు రాష్ట్రాలకు బయలుదేరటానికి సిద్ధంగా వున్నది. మా చిన్నవాడు అరగంట ఓపిక పట్టి, ఇక ఆగలేక డ్రైవరును అడిగాడు: "అంకుల్, కొల్లేరు ఎప్పుడు వస్తుంది?"

"వచ్చేసింది బాబూ! మనం కొల్లేట్లోనే వున్నాం," అన్నాడతను.

కొల్లేటి కథ అంతా ఆ జవాబులో వున్నది. సరస్సు మధ్యలో నుంచుని సరస్సు ఎక్కడ అని అడగవలసిన పరిస్థితి వచ్చింది. అది ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే ముందు అక్కడి నేల స్వభావం తెలియాలి.

తాంబాళంలో నీరు

కృష్ణా, గోదావరి రెండూ వేల యేళ్లుగా ఒండ్రు తెచ్చి పోసి చెరొక డెల్టాను కట్టుకున్నాయి. ఆ రెండు డెల్టాల నడుమ పల్లంగా మిగిలిపోయిన చోటు కొల్లేరు. ఎగువనుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి ఇందులో కలుస్తాయి. రెండు డెల్టాల మురుగు కాలువలు కూడా చాలావరకు ఇందులోకే దిగుతాయి. వచ్చే దారులు ఇన్ని వున్నా పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది.

కొల్లేరు అనగానే లోతైన మడుగును వూహించుకోకూడదు. అది గంగాళం కాదు, తాంబాళం. గంగాళంలో రెండు చెంబుల నీళ్లు ఎక్కువ పోస్తే మట్టం కాస్త పెరుగుతుంది, అంతే. తాంబాళంలో పోస్తే ఆ నీరు అంచుదాకా పాకుతుంది. అందుచేతనే కొల్లేటి విస్తీర్ణం ఎంత అని అడిగితే ఒక్క జవాబు దొరకదు. ఒకే యెత్తున వున్న చోట్లన్నిటినీ కలుపుతూ సర్వేవారు గీసే గీతను కాంటూరు అంటారు. సముద్రమట్టానికి 3 అడుగుల యెత్తున గీత గీస్తే కొల్లేరు 135 చదరపు కిలోమీటర్లు. 5 అడుగుల దగ్గర గీస్తే 308. 10 అడుగుల దగ్గర గీస్తే 901.

మూడో కాంటూరుకూ ఐదో కాంటూరుకూ తేడా రెండడుగులు. మన పెంకుటింటి అరుగు ఎత్తు అంత వుంటుంది. కాని ఆ రెండడుగుల తేడాలో ఇమిడి వున్న నేల 173 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు 43 వేల ఎకరాలు. యాభై యేళ్లుగా కొల్లేటి తగాదా అంతా ఈ రెండడుగుల చుట్టూనే తిరుగుతున్నది. ఆ నేల వానాకాలంలో నీటిది, ఎండాకాలంలో మనిషిది. అలా వంతులవారీగా సాగినంతకాలం ఎవరికీ ఇబ్బంది రాలేదు.

లంకల జీవితం

కొల్లేటిలో ఎత్తుగా వున్న దిబ్బలే లంకలు. సరస్సు లోపల 46 గ్రామాలు, అంచున 76 గ్రామాలు వున్నాయని లెక్క. లోపలివాటిని అక్కడివారు బెడ్ గ్రామాలనీ, అంచువాటిని బెల్టు గ్రామాలనీ అంటారు. వాటి పేర్లు వింటేనే అక్కడి బతుకు కళ్లకు కడుతుంది. ఒక వూరు కొక్కిరాయిలంక, కొక్కిరాయి అంటే కొంగజాతి పక్షి. మరొక వూరు నత్తగుళ్లపాడు. గుడివాకలంక, పైడిచింతపాడు, శ్రీపర్రు, ఇలా ఎన్నో.

పూర్వం ఈ లంకల వారికి యేడాదిలో రెండు బతుకులు. వానలు పడి నీరు పెరిగితే తాటిదోనెలు, వలలు, మావులు బయటికి తీసేవారు. కొరమీను, వాలుగ, జెల్ల, ఇంగిలాయి, మట్టగిడస, రొయ్య, ఏది దొరికితే అది. చలికాలం దాటి నీరు తగ్గుతూంటే బయటపడిన బురదనేలలో వరి నాటేవారు. ఎరువు వేయవలసిన పని లేదు, ఆ పని నీరే చేసి పోయేది. కిక్కిసగడ్డి ఇంటి కప్పుకూ తడికెలకూ పనికివచ్చేది. చేపలు పట్టేవారిలో వడ్డి కులస్థులు ఎక్కువ. ఏ రేవులో ఎవరు వల వేయాలో వూరి పెద్దలు నిర్ణయించేవారు.

లంకలన్నిటికీ పెద్ద దిక్కు కొల్లేటికోటలోని పెద్దింట్లమ్మ. ఫాల్గుణ మాసంలో అమ్మవారి జాతరకు చుట్టుపట్ల వూళ్లన్నీ కదిలివస్తాయి. ఆ కోటను గురించి ఒక కథ వున్నది. ఒడ్డె రాజుల కాలంలో శత్రువులు వచ్చి ఒడ్డున చిగురుకోట దగ్గర దిగారట. చుట్టూ నీరు వుండటంచేత కోటను సమీపించలేకపోయారట. చివరకు సరస్సు నీటిని సముద్రంలోకి దింపటానికి ఒక కాలువ తవ్వారట. అదే ఉప్పుటేరు. కోటలోని సేనాని గెలుపు కోసం తన కన్నకూతురినే బలి యిచ్చాడట. అది చరిత్ర కాదు, జనం చెప్పుకొనే కథ. కాని కొల్లేటిని గెలవాలంటే ముందు దాని నీటిమట్టాన్ని మార్చాలని ఆ పాతకథ అల్లినవారికి కూడా తెలుసు!

చెరువులు వచ్చిన వైనం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తి అయినాయి. డెల్టాలు పచ్చబడ్డాయి. ఆ పంటచేలు వదిలిన మురుగునీరు కొల్లేటికి కొత్త భారమైంది. వరదలు వచ్చినప్పుడు లంకల పంటలు మునిగిపోవటం మామూలైంది. 1964 వరదల తరువాత మిత్రా సంఘం డెల్టాల మురుగు పారుదలను పరిశీలించింది. నీరు త్వరగా దిగిపోవాలంటే ఉప్పుటేటిని బాగుచేయాలని చెప్పింది.

పంట చేతికి రాని రైతులకు, కూలీలకు ఏదో ఒక దారి చూపాలి గదా అని 1976లో ప్రభుత్వం ఒక ఉత్తరువు వేసింది. మత్స్యకారులు, పేదలు సహకార సంఘాలుగా ఏర్పడితే సరస్సులో చేపల చెరువులు తవ్వి యిస్తామన్నది. బ్యాంకులు అప్పులిచ్చాయి. ఉద్దేశం మంచిదే. మునిగిపోయే నేలలో వరికన్న చేప నయం గదా!

తరువాత జరిగింది వేరు. చెరువు తవ్వాలన్నా, పిల్లచేప పోయాలన్నా, తవుడూ చెక్కా మేపాలన్నా పెట్టుబడి కావాలి. అది లంకలవారి దగ్గర లేదు. పెట్టుబడి వున్నవారు ఒడ్డునుంచి వచ్చారు. సంఘం పేరుమీద వున్న చెరువును లీజుకు తీసుకున్నారు. సభ్యుడికి యేటా ఇంత అని చేతికిచ్చారు. సభ్యుడు తన చెరువుగట్టు మీదనే కాపలా కూలీ అయినాడు. సంఘాల చెరువుల పక్కన అనుమతి లేని చెరువులు లేచాయి. పెద్ద గట్ల కింద చిన్న కాలువలు పూడిపోయాయి. బొచ్చె, శీలావతి చేపలతో నిండిన లారీలు కైకలూరు, ఆకివీడు నుంచి దేశం నాలుగు మూలలకూ పోయాయి. వలవాడికి మాత్రం వల వేయటానికి తెరపి నీరు కరువైంది.

మమ్మల్ని కొంతదూరం పడవ మీద తిప్పిన పెద్దాయనకు డెబ్బై యేళ్లు వుంటాయి. గుర్రపుడెక్కను గడతో పక్కకు నెడుతూ, అడిగిన దానికల్లా నిదానంగా జవాబు చెప్పాడు.

"చెరువులు వచ్చినాక బాగుపడలేదా పెద్దాయనా?" అన్నాను.

"బాగుపడలేదంటే కళ్లు పోతాయి బాబుగారూ. పెంకుటిల్లు కట్టాం. ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాం. లీజు డబ్బు వచ్చే నెల కోసం యేడాదంతా చూసేవాళ్లం."

"మరి వల?"

"వల అటకెక్కింది. మా అబ్బాయికి వల వేయటం రాదు. వాడికి లీజే తెలుసు. లీజు పోయిన నాడు వాడికేం తెలియలేదు."

పోయిన నాడంటే 2006 అని మేము అడగకుండానే తెలిసింది.

గండ్లు పడిన వేసవి

1999 అక్టోబరులో ప్రభుత్వం మరొక ఉత్తరువు వేసింది. ఐదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. సంప్రదాయ పద్ధతిలో చేపలు పట్టుకోవచ్చు గాని గట్లు కట్టి పెంచకూడదన్నది. 2002లో కొల్లేరు రామ్సార్ జాబితాకు ఎక్కింది. రామ్సార్ అనేది ఇరాన్‌లో ఒక వూరు. చిత్తడి నేలలను కాపాడుకోవాలని 1971లో దేశాలు అక్కడ ఒడంబడిక చేసుకున్నాయి. ఆ విధంగా కొల్లేరు ప్రపంచమంతటికీ తెలిసిన చోటు అయింది. చెరువులు మాత్రం ఎక్కడివి అక్కడే వున్నాయి.

వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006 వేసవిలో, కోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫారసుల మీద, "ఆపరేషన్ కొల్లేరు" జరిగింది. యంత్రాలు దిగాయి, గట్లకు గండ్లు పడ్డాయి. వేల ఎకరాల చెరువులు కొన్ని వారాలలో నేలమట్టమయ్యాయి. ఎన్నో యేళ్ల తరువాత లంకల చుట్టూ నీరు ఒకటిగా కలిసింది.

దీన్ని ఒక్క మాటలో మంచి అనో చెడు అనో తేల్చి చెప్పటం ఏలూరులో కూర్చున్నవారికి సులువు, లంకలో వున్నవారికి కాదు. 1976లో చెరువు తవ్వుకొమ్మన్నది ప్రభుత్వమే, 2006లో కూల్చినదీ ప్రభుత్వమే. నడుమ ముప్ఫై యేళ్లలో ఒక తరం పుట్టి పెరిగింది. పెట్టుబడిదారు తన సొమ్మును మరొకచోటికి తీసుకుపోగలడు. లంకలోని కుటుంబానికి మరొకచోటు లేదు. ప్రత్యామ్నాయ ఉపాధి చూపుతామన్న మాటలు చాలా వినపడ్డాయి. అవి చేతికి అందినంతవరకు తక్కువే అని లంకల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

ఇంకొక చిక్కు కూడా వున్నది. ఐదో కాంటూరు లోపల ఇంచుమించు 15 వేల ఎకరాల జిరాయితీ భూమి వున్నది. తాతల నాటి పట్టాలు పట్టుకుని, "మా భూమికి పరిహారం యేదీ?" అని రైతులు అడుగుతూ వచ్చారు. పరిహారం ఇవ్వటం కన్న గీతను వెనక్కు జరపటం తేలిక అనిపించింది కాబోలు, 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. కేంద్రం ఆ విషయం పరిశీలించటానికి పక్షిశాస్త్రవేత్త అజీజ్ నాయకత్వాన ఒక సంఘాన్ని వేసింది. కుదించవద్దని ఆ సంఘం 2011లో చెప్పింది. ఆ తరువాత కూడా మూడా, ఐదా అన్న వాదం ఆగలేదు. గండ్లు పడిన గట్లు చాలాచోట్ల తిరిగి లేచాయి. 2025 నాటికి కూడా తగాదా సుప్రీంకోర్టు గడప దిగలేదు. కొల్లేటి చాంతాడు అంటే ఇదే గదా!

గూడబాతుల వూరు

పిల్లలకు ఈ కాంటూరుల గొడవ పట్టలేదు. వారికి కావలసింది పక్షులు. కైకలూరుకు రెండు కిలోమీటర్ల దూరంలో వున్న ఆటపాక పక్షుల కేంద్రం వారి కోరిక తీర్చింది. చెట్లమీద చోటు చాలక, అటవీశాఖవారు నీటిలో పాతిన ఇనుప మంచెల మీద కూడా గూడబాతులు గూళ్లు కట్టుకున్నాయి. ముక్కు కింద సంచీ వేలాడేసుకుని, పెళ్లిలో పెద్దమనుషుల్లాగా గంభీరంగా కూర్చున్నాయి. తల్లి నోట్లో తల దూర్చి పిల్ల చేపను లాక్కోవటం చూచి మావాళ్లు కేరింతలు కొట్టారు. శీతకాలంలో దూరదేశాల పక్షులు కూడా వేలసంఖ్యలో ఇక్కడికి వస్తాయి.

ఈ ప్రాంతంలో గూడబాతులకు పెద్ద చరిత్ర వున్నది. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలోని వాటి గూళ్లను గురించి కె. కె. నీలకంఠన్ అనే కేరళ ఉపాధ్యాయుడు 1949లో వ్రాసిన వ్యాసం పక్షిశాస్త్రజ్ఞులను ఆకర్షించింది. అంతటి పేరు పొందిన పక్షులు తరువాతి కాలంలో ఈ ప్రాంతం విడిచి వెళ్లిపోయాయి. మళ్లీ కొంత నీడా నీరూ చూపించిన తరువాత తిరిగి వచ్చాయి. పక్షికి ఉత్తరువులతో పని లేదు. వుండదగిన చోటైతే వుంటుంది, కాకపోతే లేచిపోతుంది. లంకలోని మనిషికి అంత సౌలభ్యం లేదు.

పట్నంవారికి ఏమి?

"ఎక్కడో కొల్లేటిలో గట్లు లేస్తే మాకేమి?" అని పట్నంలో వున్నవారు అనుకోవచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో వున్నవారు ఇక అలా అనుకోరు. బుడమేరు పొంగి పట్నంలో సగం పేటలను ముంచింది. మేడమీద చిక్కుకున్నవారికి పాలు, రొట్టెలు పడవలమీద అందించవలసి వచ్చింది. బుడమేటి దారిలో ఇళ్లు లేవటమూ, గండ్లు పడటమూ అందుకు ముఖ్య కారణాలు. అక్కడ ముంచిన నీరే దిగువకు పోయి కొల్లేటిలో చేరింది. ఏలూరు–కైకలూరు రోడ్డు మీదుగా నీరు పొర్లింది, లంకలు మునిగాయి.

తాంబాళం మాట మళ్లీ గుర్తు చేసుకోండి. తాంబాళంలో మట్టిగోడలు కట్టి అరలు చేస్తే నీరు పరుచుకోవటానికి చోటు వుండదు. చోటు లేని నీరు పక్కకు పొర్లుతుంది, లేదా వచ్చిన దారినే వెనక్కు తంతుంది. ఎండాకాలంలో దీనికి సరిగ్గా విరుద్ధం. పైనుంచి నీరు తగ్గినప్పుడు సముద్రపు పోటు ఉప్పుటేటి గుండా పైకి వచ్చి మంచినీటి సరస్సును ఉప్పు చేస్తుంది. ఉప్పుటేటి మీద రెగ్యులేటర్లు కట్టి ఈ రెండు బాధలూ తప్పించాలన్న మాట యేళ్ల తరబడి వినపడుతున్నది.

నేలకు పట్టా యివ్వటం మనకు తెలుసు. రైతుకు, సంఘానికి, కార్ఖానాకు, ఆఫీసుకు ఇస్తున్నాము. నీటికి కూడా నేలమీద ఒక హక్కు వున్నదని కాగితం మీద ఒప్పుకున్నది 1999లో. ఒప్పుకున్న ఆ హక్కును నిలబెట్టాలంటే దాని ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది అసలు ప్రశ్న. వరద తప్పినందుకు లాభపడేది రెండు డెల్టాలు. మునిగే నేల వదులుకోవలసింది లంకలవారు. లాభం అందరిదీ అయినప్పుడు నష్టం కొద్దిమంది నెత్తిన పెట్టటం న్యాయం కాదు. జిరాయితీ రైతుకు న్యాయమైన పరిహారం, వలవాడికి తెరపి నీటిమీద వల వేసుకొనే హక్కు, వారి పిల్లలకు చదువూ వైద్యమూ, ఇవి ముందు అందితే ఐదో కాంటూరును లంకలవారే కాపాడతారు. ఇవి అందకుండా ఎన్ని గీతలు గీసినా అవి నీటిమీద గీతలే.

కొల్లేరు చూడదలచినవారు కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా ఎప్పుడైనా వెళ్లవచ్చు. ఫాల్గుణంలో వెళితే పెద్దింట్లమ్మ జాతర కూడా చూడవచ్చు. ఆటపాకలో గూడబాతులను తెల్లవారుజామునే చూడాలి. ఎండ ఎక్కితే అవి మేతకు లేచిపోతాయి. రోడ్డుమీద వెళ్తున్నప్పుడు మాత్రం ఒక్కచోట బండి ఆపి గట్టెక్కి చూడండి. ఒకవైపు చేపల చెరువు, మరొకవైపు కలువలు, కిక్కిస, వాటి నడుమ ఒక తాటిదోనె కనబడుతుంది. గట్టు రెండు వైపులా వున్న నీటిమట్టాలను పోల్చి చూస్తే, ఆ రెండడుగుల లెక్క పుస్తకంలో కన్న అక్కడే బాగా అర్థమవుతుంది.